సజ్జ కింద కట్టిన తాడు

రోడ్డు పక్కన ఒక్క గది ముల్గీ మా కుట్టు దుకాణం. దాని ముందు ఎవరైనా నిలబడితే నేను ఎక్కువసేపు నిలబడనిచ్చేదాన్ని కాదు. "లోపలికి రాండ్రి, లోపల కూసోండ్రి" అని పిలిచేదాన్ని. లోపల కుట్టు మిషను, బట్టల మూటలు, మా ఆయన కుర్చీ పోగా ఒక్క మనిషి నిలబడే జాగా మాత్రమే ఉండేది. కూర్చోవడం అనేది ఉత్త మాట. అయినా పిలిచేదాన్ని. జాకెట్ల కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లు నాకు మర్యాద ఎక్కువ అనుకునేవాళ్లు. అది మర్యాద కాదు. పైన సజ్జ ఉంది. దాని భయం.

శ్రీరాంపూర్ నుంచి మంచిర్యాల పోయే రోడ్డు మీద మా ముల్గీలు ఒకే వరుసలో ఉంటాయి. అన్నిటికీ ముందు ఎండా వానా పడకుండా పోసిన ఒకటే పొడుగు సిమెంటు సజ్జ ఉండేది. పైఅంతస్తు బాత్రూం పైపు ఎప్పుడో పగిలింది. ఆ నీళ్లన్నీ సజ్జలోకి దిగేవి. ఎండాకాలంలో కూడా అది తడిగానే ఉండేది. కింద నిలబడి చూస్తే పెచ్చులు ఊడిపోయి, లోపలి ఇనుప కడ్డీలు తుప్పు పట్టి కనిపించేవి. నేను పొద్దున షట్టర్ ఎత్తేటప్పుడు మెడ లోపలికి లాక్కుని, గబగబా తాళం తీసి, ఒక్క దూకులో లోపలికి వెళ్లేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. నవ్వేవాడే కానీ ఆయన కూడా బయట కుర్చీ వేసుకోవడం మానేశాడు.

మా ఆయన బొగ్గు బాయిలో కాంట్రాక్టు పని చేసేవాడు. నడుము దెబ్బతిన్నాక బరువు ఎత్తలేడు, ఎక్కువసేపు నిలబడలేడు. అప్పుడు చేతికి వచ్చిన డబ్బుతో ఈ ముల్గీకి అడ్వాన్సు కట్టి ఐదేళ్ల లీజు రాయించుకున్నాం. నేను కుడతాను, ఆయన కూర్చుని కాజాలు తీస్తాడు, గుండీలు పెడతాడు. మాకు వేరే ఏమీ లేదు. ముల్గీ పోతే ఇంకో చోట అడ్వాన్సు కట్టే శక్తి లేదు. ఆయన నడుమునే తీసుకొచ్చి ఆ నాలుగు గోడల మధ్య పెట్టాం అనిపించేది నాకు. అందుకే సజ్జకు ఎంత భయపడేదాన్నో, సజ్జ గురించి అడగడానికి కూడా అంత భయపడేదాన్ని.

ఓనర్‌ను మేమందరం పటేలా అని పిలుస్తాం. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. చాలా మెల్లగా మాట్లాడతాడు. వినడానికి ముందుకు వంగాలి. అట్లా వంగినప్పుడే మనం సగం ఒప్పుకున్నట్టు అయిపోతుంది. కిరాయి కాకుండా మెయింటెనెన్స్ అని వేరే తీసుకునేవాడు. మెట్ల మీది లైటుకు, మోటారుకు, ఊడ్చే మనిషికి, రంగులకు అని చెప్పేవాడు. మెట్ల మీది లైటు మాడిపోతే మా పక్క ముల్గీలో మిక్సీలు బాగుచేసే చాచా తనే కొత్త బల్బు పెట్టాడు. ఊడ్చేది మేమే. రంగు అయితే మేము వచ్చినప్పటి నుంచి పడలేదు.

అవతలి ముల్గీ వదినది. మాకు చుట్టం కాదు, పిలుపు వదిన. సాయంత్రం సజ్జ కింద పొయ్యి పెట్టి మిర్చి బజ్జీలు వేసేది. ఒకనాడు అరచేయంత పెచ్చు ఊడి నేరుగా మూకుడులో పడింది. నూనె ఎగిరి వదిన మోచేయి మీద పడింది. నేను అరుపు విని బయటికి పరుగెత్తబోయి గడప దగ్గరే ఆగిపోయాను. కాళ్లు ముందుకు పడలేదు. చాచా వచ్చి వదినను పక్కకు లాగాడు, చేతి మీద నీళ్లు పోశాడు. బజ్జీల కోసం నిలబడ్డ వాళ్లందరూ పైకి చూస్తూ వెనక్కి జరిగారు.

వదిన చెయ్యి ఊదుకుంటూనే, "ఏం సూస్తున్నరు? ఇయ్యాల మిర్చీలల్ల సిమెంటు కలిపిన. గట్టిగుంటయ్, తినుండ్రి" అంది.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అది మూకుడులో కాక నెత్తి మీద పడితే ఏమయ్యేది అని అదే ఆలోచన.

ఆ వారంలోనే పటేలు గుమాస్తా వచ్చి మెయింటెనెన్స్ పెంచామని చెప్పిపోయాడు. చాచాకు కోపం వచ్చింది. ఆయన కోపం వస్తే మాట తక్కువ అవుతుంది. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ మమ్మల్నందరినీ తన దుకాణంలో కూర్చోబెట్టాడు.

"సజ్జ బాగు చేసేదాంక మెయింటెనెన్స్ ఇయ్యద్దు. కిరాయి ఇద్దాం, అది హక్కు. గిది ఇయ్యద్దు. అందరం ఒక్క మాట మీద ఉండాలె" అన్నాడు.

"ఉంటం గని, ముల్గీలకెళ్లి ఎల్లగొడితే?" అన్నాను నేను.

"అందరినొక్కసారి ఎల్లగొడ్తడా బేటీ? ఫికర్ చెయ్యకు."

ఆయన అన్నాడే కానీ నాకు ఫికరు ఆగలేదు. మరునాడు అందరం కలిసి పటేలు ఇంటికి వెళ్లాం. నేను అందరికంటే వెనక నిలబడ్డాను. చాచా చెప్పాల్సింది చెప్పాడు. వదిన చెయ్యి చూపించింది. పటేలు అంతా విన్నాడు. విని, మెల్లగా అన్నాడు.

"ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యుండ్రి. నేనేమన్న కట్టేసిన్నా? గా ముల్గీల కోసం ఎంతమంది తిరుగుతున్నరో నాకు తెలుసు."

అంతటితో అయిపోయింది అనుకున్నాను. కానీ ఆయన తల పక్కకు వంచి, అందరి వెనక ఉన్న నన్ను చూశాడు.

"నీ మొగని నడుము బాగైందా అమ్మా?"

"కాలే పటేలా."

"అట్లనా. మరి జర చూసుకొని నడువుండ్రి."

అంతే అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఇంటికి రాగానే లీజు కాగితం ఎక్కడుందో వెతికి చూసుకున్నాను.

ఆ నెల కిరాయి మాత్రమే ఇచ్చాం. మెయింటెనెన్స్ ఎవరం ఇవ్వలేదు. తర్వాత గుమాస్తా రోజూ వచ్చి రోడ్డుకు అవతల చాయ్ హోటల్ ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు. ఏమీ అనడు. చాయ్ తాగుతూ మా వరుస వైపు చూస్తుంటాడు. నేను తల దించుకుని కుడుతుంటే వీపు మీద ఎవరో చెయ్యి పెట్టినట్టు ఉండేది. ఒక పెళ్లి వాళ్ల జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టాను. ఇన్నేళ్ల పనిలో అట్లా ఎప్పుడూ చేయలేదు.

ఇంతలో దసరా వచ్చింది.

దసరాకు మేము మిషన్లు కడిగి, నూనె వేసి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేస్తాం. ఆ రోజు వాటితో పని చేయించం. చాచా కూడా తన పానాలూ స్క్రూడ్రైవర్లూ తుడిచి వరుసగా పెట్టుకుంటాడు. రంజాన్‌కు ఆయన అందరికీ సేమియాలు పంచుతాడు, దసరాకు మేము ఆయన చేతిలో జమ్మి పెడతాం. సాయంత్రం అయ్యేసరికి వీధి అంతా కొత్త బట్టలు. జమ్మి ఆకు చేతిలో పెట్టి, మగవాళ్లు అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుంటారు, చిన్నవాళ్లు పెద్దవాళ్ల కాళ్లు మొక్కుతారు. మా దిక్కు జమ్మి పెట్టినవాళ్ల మధ్య పాత పంచాయితీ ఏదీ మిగలకూడదు. ఏడాదంతా మాటలు లేని అన్నదమ్ములు కూడా ఆ సాయంత్రం ఎదురుపడితే జమ్మి పెట్టుకుంటారు.

మేము ముల్గీల ముందు నిలబడి ఉండగా పటేలు వచ్చాడు. తెల్ల బట్టలు, చేతిలో జమ్మి కొమ్మ. కారు దూరంగా ఆపి నడిచి వచ్చాడు. ముందు చాచాకు ఆకు పెట్టి గట్టిగా కౌగిలించుకున్నాడు. తర్వాత వదినకు. తర్వాత నాకు. నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. ఆకు పడింది. నేను వంగి కాళ్లు మొక్కాను. నిజం చెప్పాలంటే, అప్పుడు నాకు ఏడుపు వచ్చినంత సంతోషం అయింది. 

"మనసుల ఏం పెట్టుకోకుండ్రి. మనం మనం ఒక్కటే" అన్నాడు పటేలు.

ఆయన వద్దంటున్నా వినకుండా వదిన సకినాలు, గారెలు కట్టి ఇచ్చింది. ఆయన పోయాక మేమందరం చాలా నవ్వుకున్నాం. ఇక సజ్జ బాగు చేయిస్తాడని చాచా కూడా అన్నాడు.

పండుగ అయిన మూడో రోజు గుమాస్తా వచ్చాడు. ఈసారి రోడ్డు దాటి వచ్చాడు.

"మెయింటెనెన్స్ ఇయ్యుండ్రి. మొన్నటిది, ఇప్పటిది, రెండూ."

"సజ్జ ముచ్చట ఏమైంది?" అన్నాడు చాచా.

"ఏం సజ్జ? జమ్మి తీస్కున్నరు కద. కాళ్లు మొక్కిండ్రు కద. గా పంచాది అయిపోయిందన్నడు పటేలు. ఇగ దాన్ని మల్ల తీసుడేంది?"

 అడిగితే మాది తప్పు అయ్యేటట్టు ఉంది. జమ్మి పెట్టుకుని మళ్లీ పాత మాట ఎత్తేవాళ్లను మా దిక్కు మనుషుల్లో లెక్క పెట్టరు. వదిన ముందు ఇచ్చింది.

"కాళ్లు మొక్కినంక ఏ మొకం పెట్టుకొని అడుగుతం చెల్లె?" అంది నాతో, నా మొహం చూడకుండా.

తర్వాత ఒక్కొక్కరూ ఇచ్చారు. చాచా చివర ఇచ్చాడు. గుమాస్తా వెళ్లాక నా గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"జమ్మి మనకు పెట్టిండు బేటీ. సజ్జకు పెట్టలే. దానికేం తెలుసు పంచాది అయిపోయిందని" అన్నాడు. ఎప్పుడూ ధైర్యం చెప్పే మనిషి అట్లా అనేసరికి నేను మళ్లీ తల ఎత్తి సజ్జ వైపు చూశాను.

నేను మాత్రం సోమవారం ఇస్తానని చెప్పాను. ఇవ్వకూడదని కాదు. చేతిలో లేవు. మా ఆయన అప్పు తెస్తానన్నాడు.

సోమవారం రాకముందే వాన వచ్చింది. దసరా పోయాక అంత వాన ఎప్పుడో కానీ పడదు. కాలేజీ నుంచి వస్తున్న ఆడపిల్లలు ఒక గుంపు పరుగెత్తుకుంటూ వచ్చి మా సజ్జ కింద నిలబడ్డారు. పుస్తకాలు గుండెకు పట్టుకుని నవ్వుకుంటున్నారు. నేను తల ఎత్తి చూశాను. సజ్జ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎప్పటిలా తెల్లగా లేవు. తుప్పు కలిసి ఎర్రగా కారుతున్నాయి. అందులో ఒక పిల్ల ఓణీ మీద ఆ మరక పడింది.

"లోపలికి రాండ్రి, జల్ది రాండ్రి" అన్నాను.  వాళ్లు బిత్తరపోయి ఇరుకు ముల్గీలోకి తోసుకుంటూ వచ్చారు. మా ఆయన కుర్చీ గోడకు అంటుకుపోయింది. వాన ఆగేదాకా అట్లాగే ఊపిరాడకుండా నిలబడ్డాం. ఏమీ పడలేదు. పిల్లలు పోతూ పోతూ నా వైపు వింతగా చూశారు. వాళ్లు పోయాక నేను మిషను మీద తల పెట్టుకున్నాను. 

అప్పుడే లేచి బట్టలు ఆరేసే నైలాన్ తాడు తీశాను. ఒక కొస షట్టర్ కొక్కేనికి, ఇంకో కొస బయట కరెంటు స్తంభానికి కట్టి, అక్కడి నుంచి మళ్లీ ఇటు గోడ మేకుకు తెచ్చాను. సజ్జ కింద ఎవరూ నిలబడకుండా అడ్డం. తాడు కనిపించాలని ఎర్ర లైనింగు ముక్కలు ముడివేశాను. ఒక పక్క సందులోంచి మాత్రం గోడ వెంబడి లోపలికి రావచ్చు.

"గిదేం పని? మెయింటెనెన్స్ ఇయ్యలే, ఇప్పుడు తాడు కట్టినవ్. రేపు సామాను రోడ్డు మీద పెడ్తడు" అన్నాడు మా ఆయన.

"పెడ్తే పెడ్తడు. పిల్ల మీద పడితే నేను బతకలేను."

అనేశాను కానీ సామాను రోడ్డు మీద పెట్టినట్టే కళ్ల ముందు కనిపించింది. మిషను తడుస్తున్నట్టు, ఆయన కుర్చీ ఎవరో ఎత్తుకుపోతున్నట్టు.

వదిన బయటికి వచ్చి చూసింది.

"బతుకమ్మ పండుగ అయిపోయినంక తోరణం కట్టినవేంది చెల్లె?"

"నడుసుకుంట పోయెటోళ్లు సూడాలని."

"సూస్తరు సూస్తరు. పటేలు ముందుగాల సూస్తడు."

అట్లాగే అయింది. మరునాడు పొద్దున ఇద్దరు గిరాకీలు తాడు చూసి వెనక్కి పోయారు. మధ్యాహ్నం పటేలే వచ్చాడు. కారు దిగి తాడు అవతల నిలబడ్డాడు. నేను లోపల మిషను మీద ఉన్నాను. చాచా, వదిన, మిగతా ముల్గీల వాళ్లు బయటికి వచ్చి దూరంగా నిలబడ్డారు. గుమాస్తా చాయ్ హోటల్ దగ్గర నుంచి లేచాడు.

"ఎవరు కట్టిండ్రు?"

"నేనే పటేలా."

"నా బిల్డింగ్ పడిపోతదని ఊరంత చెప్తున్నవా?"

 సూది కింద బట్ట అట్లాగే ఉంది. కాలు తొక్కుడు మీద ఉంది కానీ తొక్కలేకపోతున్నాను.

"మొన్ననే జమ్మి తీస్కున్నవ్. గప్పుడు నోట్లె మాట లేదు. ఇటు రా, మాట్లాడుదాం."

నేను లేవాలనుకున్నాను. పెద్ద మనిషి పిలిస్తే లేచి వెళ్లాలి. కానీ అటు వెళ్లాలంటే సజ్జ కిందికి రావాలి. కాళ్లు లేవలేదు. వదిన మీద నూనె పడ్డప్పుడు ఆగినట్టే ఆగిపోయాయి.

"మీరే లోపలికి రాండ్రి పటేలా. బట్ట మిషన్‌ల ఉంది" అన్నాను. ధైర్యంతో అనలేదు. భయంతోనే అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. తాడు మీద చెయ్యి వేసి కిందికి వంచి, ఒక కాలు ఇవతల పెట్టాడు. అప్పుడు సజ్జ అంచు నుంచి ఒక చుక్క ఆయన భుజం మీద పడింది. తెల్ల చొక్కా మీద తుప్పు రంగు చుక్క. ఆయన పైకి చూశాడు. కడ్డీలను చూశాడు. కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

అందరూ చూశారు.  

"రేపటికి ఈ తాడు ఉండద్దు" అని వెళ్లిపోయాడు.

కారు మలుపు తిరిగేదాకా మేము కదలలేదు. తర్వాత చాచా లోపలికి వెళ్లి ఒక పాత కరెంటు వైరు పట్టుకొచ్చాడు.  తన ముల్గీ ముందు ఆ వైరు కట్టుకున్నాడు. వదిన పొయ్యి లోపలికి జరిపి, ఒక పాత చీర చింపి తన ముందు అడ్డం కట్టింది.

"జమ్మి గిమ్మి నాకు తెల్వది. ఆయనే భయపడ్డడు, నేనెంత" అంది.

సాయంత్రానికి వరుస మొత్తానికి అడ్డం ఉంది. బస్సులోంచి చూసిన వాళ్లు ఇక్కడ ఏదో ఘోరం జరిగిందనుకున్నారు. దిగి అడిగేవాళ్లు. మేము పైకి చూపించేవాళ్లం.

నాలుగైదు రోజులకు మేస్త్రీలు వచ్చారు. పటేలు మాతో ఏమీ చెప్పలేదు. సజ్జను బాగు చేయలేదు. మొత్తం కొట్టేశారు. సుత్తె దెబ్బ ఒకటి పడగానే పెద్ద ముక్క అట్లాగే ఊడి వచ్చింది. ఇంకా కొట్టాల్సి వస్తుందని రెండో దెబ్బకు సుత్తె ఎత్తిన మేస్త్రీ వెనక్కి దూకాడు. నేను రోడ్డు అవతల నిలబడి మా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఇప్పుడు ఎండ నేరుగా మిషను మీద పడుతుంది. వాన వస్తే షట్టర్ సగం దించుకుంటాం. పైపు ఇంకా కారుతూనే ఉంది. మెయింటెనెన్స్ నేను ఇవ్వలేదు, మిగతా వాళ్లు కూడా తర్వాతి నెల నుంచి ఇవ్వలేదు. గుమాస్తా అడగలేదు. అడగకపోవడం నన్ను ఇంకా భయపెట్టింది. మా అందరి లీజులూ అయిపోయే నెల దగ్గరపడిందని, దాని కోసమే ఆగాడని నాకు తెలుసు.

అనుకున్నట్టే పటేలు ఇంటికి పిలిచారు. ఒక్కొక్కరే లోపలికి రావాలని గుమాస్తా అన్నాడు. ముందు నన్ను పిలిచాడు. నేను లేచేసరికి చాచా లేచాడు, వదిన లేచింది, మిగతా అందరూ లేచారు. పటేలు ముందు కుర్చీలు రెండే ఉన్నాయి. ఎవరం కూర్చోలేదు.

కొత్త లీజు కాగితాలు బల్ల మీద ఉన్నాయి. చాచాకు ఉర్దూ తప్ప తెలుగు చదవడం రాదు. వదిన వేలిముద్ర వేస్తుంది. నేను ఐదో తరగతి పాసయ్యాను, ఆరులోకి వెళ్లలేదు.

"నువ్వు సదువు బేటీ, అందరికి ఇనపడేటట్టు" అన్నాడు చాచా.

"సదివేదేముంది, అన్ని ఎప్పటివే" అన్నాడు పటేలు.

నేను వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాను. ఒక్కో మాట రెండుసార్లు చదవాల్సి వచ్చింది. పటేలు గడియారం చూసుకున్నాడు. ఐదేళ్లు కాదు, పదకొండు నెలలే రాశారు. మరమ్మతులు ఏవైనా కిరాయిదారులే చేయించుకోవాలని రాశారు. మెయింటెనెన్స్ ఓనరు ఎంత అంటే అంత ఇవ్వాలని ఆ కింద రాశారు. 

"సంతకం పెట్టు" అన్నాడు పటేలు, ఎప్పటిలా మెల్లగా. నేను ముందుకు వంగలేదు. అయినా వినిపించింది.

పెన్ను నా చేతిలోనే ఉంది. మా ఆయన ముల్గీలో ఒక్కడే కూర్చుని ఉంటాడు, నేను ఏం తెస్తానో అని చూస్తుంటాడు. పెడితే పదకొండు నెలలు ఉంటుంది. పెట్టకపోతే ఏమవుతుందో తెలియదు. నేను పెన్ను కాగితం మీద అడ్డంగా పెట్టాను.

"మరమ్మతులది, మెయింటెనెన్స్‌ది, గీ రెండు మాటలు తీసెయ్యుండ్రి పటేలా. కిరాయి ఎంతన్న మాట్లాడుదాం. గివి తీసెయ్యుండ్రి."

ఆయన కాగితాలు మళ్లీ నా వైపే తోశాడు.

"తీసెయ్య. సంతకాలు లేకపోతే ఒకటో తారీకు తెల్లారి షట్టర్లకు నా తాళాలు పడ్తయ్."

వదిన వేలు ముందుకు పెట్టలేదు. చాచా కాగితాలను మెల్లగా బల్ల మధ్యకు జరిపాడు. మేము బయటికి వచ్చాం. గేటు దాటాక వదిన రోడ్డు పక్కన కూర్చుండిపోయి, "ఇగ పొయ్యి యాడ పెట్టాల్నో చెల్లె" అంది. నేను కూడా పక్కన కూర్చున్నాను.

ఒకటో తారీకు పోయింది. తాళాలు పడలేదు. తాళాలు వేసే బదులు కోర్టుకు పోవాలని పటేలు వకీలును అడుగుతున్నాడని చాచా విన్నాడు. మేము కూడా ఒక వకీలమ్మను కలిశాం. కిరాయి ఆపకండి, ఆయన తీసుకోకపోయినా ఎట్లాగైనా పంపండి, ముల్గీలు మాత్రం రోజూ తెరవండి అని చెప్పింది.

రోజూ తెరుస్తున్నాను. మలుపు తిరిగే ముందు మా ఆయనను ఆగమంటాను. నేను ముందు వెళ్లి దూరం నుంచి షట్టర్ కింది భాగం చూస్తాను. మా తాళం ఒక్కటే కనిపిస్తే ఆయనకు చెయ్యి ఊపుతాను, ఆయన నడుము పట్టుకుని మెల్లగా నడిచి వస్తాడు. ఇవాళ కూడా ఒక్కటే ఉంది. రేపటి సంగతి నాకు తెలియదు. రెండు జాకెట్లు సాయంత్రానికి ఇవ్వాలి, కాజాలు ఆయన మొదలుపెట్టాడు.